కడుపున్న తెప్ప

మా మామ పోయిన సంగతి నాకు చెప్పింది అత్త కాదు, అత్త తమ్ముడు. ఉదయం తొమ్మిదింటికి, ఏర్పేడు దగ్గర నేను పనిచేసే కాలేజీ పంపుహౌసులో మోటారు వేసి బయటికి వస్తుంటే ఫోను మోగింది. "మీ మామ పోయినాడు. నువ్వు అనుకున్నట్టే అయిపాయ. ఇంక నిమ్మళంగా ఉండు" అన్నాడు. ఎప్పుడు, ఎలా అని అడిగేలోపే పెట్టేశాడు. నేను మళ్లీ లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. ట్యాంకు నిండి నీళ్లు పైనుంచి కారిపోతున్నాయని వాచ్‌మన్ వచ్చి అరిచేదాకా లేవలేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. మా మామ గురించి మంచి మాత్రమే రాస్తే చదివినవాళ్లు ఇంకెవరో అనుకుంటారు. ఆయన మా అమ్మకు తమ్ముడు. మనసు వెన్న అనీ, పైకి మాత్రం కోపిష్టి అనీ నేను చెప్పను. లోపలా బయటా ఒకే మనిషి, రెండు చోట్లా గరుకే. పదమూడేళ్ల కిందట ఆయన నాకొక క్రూరమైన పని చేసి నా ప్రాణం నిలబెట్టాడు. ఈ ఏడు నేను ఆయనకొక క్రూరమైన పని చేశాను. దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో నాకింకా తెలియదు. ఈ రెండూ దాచిపెట్టి ఆయన్ను తలచుకోవడం నాకు చేతకాదు.

మామది సత్యవేడు. బస్టాండు పక్కన సైకిలు షాపు. పంచర్లు వేసేవాడు, పగిలిన ప్లాస్టిక్ బిందెలూ నీళ్ల ట్యాంకులూ ఇనుప కడ్డీ కాల్చి అతికేవాడు. ఇరవై ఎనిమిదో ఏట పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపలవాళ్ల ఇంటికి ఇల్లరికం వెళ్లాడు. అత్తను ఎక్కడ చూశాడో, ఆ పెళ్లి ఎలా కుదిరిందో మా ఇంట్లో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. మెట్ట మనిషి, అందులోనూ ఇల్లరికపు అల్లుడు. ఆ ఊళ్లో ఆయన్ను మనిషిగా లెక్కలోకి తీసుకోవడానికి పదేళ్లు పట్టిందట. వల విసిరితే నవ్వేవాళ్లు, ఈత కొడితే నవ్వేవాళ్లు. "పంచర్ అల్లుడు" అని పిలిచేవాళ్లు. పిలిచినప్పుడల్లా ఆయన తిరిగి ఏదో ఒకటి అనేవాడు. అది పిలిచినవాడికి వారం దాకా అరిగేది కాదు.

నేను డిప్లొమా చేసి పనిలేకుండా తిరుగుతున్న రోజుల్లో అమ్మ నన్ను ఆయన దగ్గరికి పంపింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. సంచీ కింద పెట్టకముందే అన్నాడు: "చదువుకున్న గాడిదకు గంజి ఎక్కువ పోయాల. మీ అమ్మ బియ్యం ఏమన్నా పంపిందా?" అత్త లోపలినుంచి వచ్చి ఆయన్ను తిట్టి, నా చేతికి మజ్జిగ ఇచ్చింది. ఆ ఇంట్లో ఉన్న రెండేళ్లూ అదే వరస. ఆయన ఒక మాటతో గీరేవాడు, ఆమె వచ్చి నూనె రాసేది.

ఆ సంవత్సరమే కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి ప్లాస్టిక్ పడవ, కొన్నాడు. సముద్రం ఒడ్డున ఒక రిసార్టు మూతపడితే అక్కడి సామాను అమ్ముతున్నారని విని పోయి, ఒక నారింజరంగు కయాక్‌ను ఆటో మీద కట్టించుకుని తెచ్చాడు. లోపల దిగి కూర్చునేది కాదు, పైన కూర్చునే రకం. ముందొకరు, వెనకొకరు. రెండు సీట్ల మధ్యన గుండ్రటి మూత, తోక దగ్గర ఒక చిన్న బిరడా. ఊరంతా చూడ్డానికి వచ్చింది. కూర్చునేచోట పైనుంచి కిందికి ఆరపార బొక్కలుండడం చూసి అత్త తమ్ముడు పడీపడీ నవ్వాడు. "బావకు పంచర్ల మీద మోజు తీరలేదు. బొక్కలున్న పడవనే కొనుక్కోనొచ్చినాడు" అన్నాడు. పైన పడిన అల నీళ్లు కిందికి పోవడానికే ఆ బొక్కలని, అవి గొట్టాల్లాంటివని, లోపలి డొల్లకూ వాటికీ సంబంధం లేదని మామ చెప్పాడు. ఎవరూ వినలేదు. దానికి ప్లాస్టిక్ తెప్ప అని పేరు పెట్టేశారు.

ఆ పేరే కొంప ముంచింది. ఆ ఊరివాళ్లకు తెప్ప అంటే దుంగలు కలిపి కట్టినది. దుంగకు లోపల అంటూ ఏమీ ఉండదు. దాని మీద మేకు కొట్టినా, కొక్కెం బిగించినా, గొడ్డలితో చెక్కినా అది మునగదు. తాతలనాటి నుంచీ అలాగే వాడుకున్నారు. అందుకని ఎవరికి ఏ అవసరం వస్తే అక్కడ దానికి ఒక మేకు దించేవాళ్లు. ఇది తెప్ప కాదని మామ ఒక్కడికే తెలుసు. "దుంగకు కడుపు లేదురా. దీనికి ఉండాది. కడుపున్నదానికి ఆకలేస్తాది, సముద్రాన్ని తాగుతాది" అనేవాడు.

వారానికొకసారి దాన్ని ఇసకలో బోర్లించేవాడు. బిరడా తీసి, ఆ బొక్కకు సైకిలు పంపు గొట్టం పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, మెల్లగా గాలి కొట్టమనేవాడు నన్ను. తాను సబ్బు నురగ చేత్తో తీసి కయాక్ ఒంటి నిండా పూసేవాడు. తర్వాత గొంతుక్కూర్చుని బుడగ కోసం చూసేవాడు. ట్యూబును తొట్టిలో ముంచి చూసేవాడికి అంతకన్నా పెద్ద చదువు అక్కర్లేదు. బుడగ లేచినచోట సున్నంతో చుక్క పెట్టి, ఆరాక కడ్డీ కాల్చి అతికేవాడు. "మనిషిని అడిగితే అబద్ధం చెప్తాడు. బుడగను అడుగు" అనేది ఆయన మాట. నేను గాలి ఎక్కువ కొడితే తల మీద మొట్టేవాడు. ఇరవై ఆరేళ్ల మగవాడిని, ఊరి ఆడవాళ్లు చూస్తుండగా.

ఇప్పుడు ఆ రోజు గురించి చెబుతాను. గాలి లేని పొద్దు. మొగ దాటి, అంటే సరస్సు సముద్రంలో కలిసే సందు దాటి, గాలాలు వేయడానికి పోయాం. ముందు నేను, వెనక మామ. ఒంటి మీద రిసార్టువాళ్లదే ఒక పాత లైఫ్ జాకెట్టు నాకు. ఆయన నడుముకు రెండు ఖాళీ నూనె క్యాన్లు. నాకు ఈత అంతంతమాత్రం. మూడు గంటలు కూర్చున్నాం, బుట్టెడు చేపలు పడ్డాయి. తిరుగుదామని ముక్కు ఒడ్డువైపు తిప్పుతుంటే కయాక్ తిరగడం లేదు. తెడ్డు వేస్తుంటే బురదలో వేసినట్టు ఉంది. నా చేతులు అలిసిపోయాయేమో అనుకున్నాను.

"తెడ్డు ఆపు" అన్నాడు మామ. నడుము కొంచెం అటూ ఇటూ ఊపాడు. మా కింద, ప్లాస్టిక్ లోపల, ఎవరో నిద్రలో పక్కకు దొర్లినట్టు బరువుగా ఏదో జరిగింది. ఒడ్డు చాలా దూరంలో సన్నటి గీతలా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే మామ సీటు దగ్గర పక్క అంచు నీటికి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది. పొద్దున బయల్దేరినప్పుడు జానెడుండేది.

"బిరడా తీయి మామా, కారిపోతాయి" అన్నాను.

"ఇదేమన్నా మిద్దె మీద ట్యాంకనుకుంటివా? బిరడా నీళ్లలో ఉండాది. తీస్తే బయటివి లోపలికొస్తాయి. గమ్మునుండు." చేపల బుట్ట ఎత్తి సముద్రంలోకి వొంపేశాడు. లంగరు రాయి తాడు కోసేశాడు. తర్వాత నావైపు చూసి, అన్నం తినమన్నట్టు మామూలుగా అన్నాడు: "దిగు."

"యాడికి?"

"నీళ్లలోకి. ఇద్దరి బరువుకు మూత నీళ్లలోకి పోతాది. మూత తెరవందే తోడేదానికి కాదు. జాకెట్టుండాది గదా, దిగు."

నేను దిగలేదు. ఆయన నా నడుం మీద కాలు పెట్టి తోశాడు.

నీళ్లలో పడ్డవాడు చేసే మొదటి పని అందిన దాన్ని పట్టుకోవడం. నేను కయాక్ పక్క అంచు పట్టుకున్నాను. అప్పటికే ఆయన మూత తెరిచి, రేషను షాపుల్లో కిరోసిను తోడే పంపును, సీటు వెనక ఎప్పుడూ కట్టి ఉంచేదాన్ని, లోపలికి దించాడు. నేను పట్టుకోగానే కయాక్ నావైపు ఒరిగింది. కడుపులో నీళ్లన్నీ నావైపు పరుగెత్తాయి. తెరిచిన మూత అంచు నీళ్లను తాకి ఒక దోసెడు గుటుక్కున మింగింది.

"పక్క వదులు. ముక్కు కాడ తాడుండాది, ఆడికి పో" అన్నాడు.

నాకు వినపడింది. చేతులకు వినపడలేదు. ఆయన తెడ్డు తీసి నా వేళ్ల మీద కొట్టాడు. వదిలాను, నీళ్లు మింగాను, మళ్లీ అదే అంచు పట్టుకున్నాను. "మామా, ఎక్కించుకో మామా, నీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడ్చాను. ఆయన నా ముఖంలోకే చూస్తూ, ఈసారి తెడ్డును నిలువుగా పట్టుకుని, అంచుతో కొట్టాడు. కుడిచేతి ఉంగరం వేలు ఎముక విరిగిన శబ్దం నాకు నీళ్లలోనే వినపడింది.

అప్పుడు వదిలాను. ఎలా పోయానో తెలియదు, ముక్కు దగ్గరి తాడు ఎడమచేత్తో పట్టుకుని వేలాడాను. ముందు పట్టుకుంటే పడవ ఒరగదు. ఆయన నావైపు మళ్లీ చూడలేదు. పంపుతో తోడుతూనే ఉన్నాడు. తోడిన నీళ్లు నా నెత్తి మీద పడుతున్నాయి. కొంతసేపటికి వెనక భాగం పైకి తేలింది. పక్కన ఒక కొక్కెం బిగించి ఉంది. దాని స్క్రూ ఊడిపోయి, చుట్టూ ప్లాస్టిక్ వేలెడు పొడవున చీలింది. వల తాడు కట్టుకోవడానికి అత్త తమ్ముడు ముందురోజు బిగించిన కొక్కెమది. మామ నడుం దగ్గరి మూటలోంచి బట్టల సబ్బు తీసి ఆ చీలికలోకి గట్టిగా రుద్ది, లుంగీ చింపి పైన అదిమాడు. మెకానిక్కులు కారే పెట్రోలు ట్యాంకుకు చేసే పనే. తర్వాత, "ఎక్కుతావా?" అన్నాడు. విరిగిన చేత్తో ఎక్కలేకపోయాను. "అయితే యాలాడు" అన్నాడు. గంటన్నరసేపు నన్ను అలాగే మోసుకుంటూ ఒడ్డుదాకా తెడ్డు వేశాడు.

ఒడ్డున నేను ఇసకలో పడి వాంతి చేసుకుంటుంటే ఆయన కయాక్‌ను ఒక పక్కకు ఎత్తి, బిరడా తీసి, లోపలి నీళ్లు ఎంతసేపు కారతాయో చూస్తూ నిలబడ్డాడు. నా చేయి చూడలేదు. నీళ్లన్నీ అయిపోయాక వచ్చాడు. "భయానికి చెవులుండవు అల్లుడా. దానికి ఎముకతో చెప్పాల" అన్నాడు. ఆ మాటకు నేను ఆయన మీద ఇసక విసిరాను.

అత్త ఆయన్ను ఊరు వినేట్టు తిట్టింది. "మనిషివా, రాయివా? బిడ్డ ఏలు ఇరగ్గొడితివే" అని. మరుసటి రోజు నన్ను బస్సెక్కించుకుని, ఎముకల కట్టుకు పేరుబడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించింది. బస్సులో నా చేతిని తన ఒళ్లో దిండు మీద పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకుంది. చెప్పిన గడువుకు ముందే కట్టు విప్పేసింది నేనే, అందుకే వేలు వంకరగా అతికింది. అందులో కట్టు కట్టినవాళ్ల తప్పేమీ లేదు.

కొక్కెం సంగతి మామ బావమరిదిని ఒక్కమాట కూడా అడగలేదు. పగులు అతికి, వారం తర్వాత, "నువ్వు ఒకసారి ఎక్కి సూడు బామ్మర్దీ, బాగుండాదో లేదో" అని పిలిచాడు. సరస్సులో నడుములోతు నీళ్లు దాటవు. ఊరంతా ఒడ్డున ఉంది. అత్త తమ్ముడు మీసం దువ్వుకుని ఎక్కి, తెడ్డు వేసుకుంటూ వంద గజాలు పోయాడు. బిరడా మామ జేబులో ఉంది. ఒడ్డున బీడీ ముట్టించుకుని, అది సగం కాలేదాకా కదలకుండా చూశాడు. కయాక్ నెమ్మదిగా తోక దించింది, పక్కకు ఒరిగింది, దొర్లింది. అత్త తమ్ముడు నడుములోతు నీళ్లలో మునిగిపోతున్నానని కేకలు పెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "కడుపుండాదని ఇప్పుడు తెలిసెనా?" అన్నాడు మామ, బిరడా చూపించి. ఆ తర్వాత దానికి ఎవరూ మేకు కొట్టలేదు. అత్త తమ్ముడు ఆ పూట నవ్విన మనుషులందరినీ మరిచిపోయాడు, మామను మాత్రం మరవలేదు. ఫోనులో నాతో అన్న మాటలో ఆ కసి కూడా కొంత ఉంది.

నేను కట్టుతోనే ఊరొదిలి వచ్చేశాను. ఏర్పేడులో పని దొరికింది. నాలుగేళ్లు మామతో మాట్లాడలేదు. ఎవరైనా వేలు గురించి అడిగితే కథ మొత్తం చెప్పేవాణ్ని, విన్నవాళ్లు అయ్యో అనేవాళ్లు, నాకు బాగుండేది. ఒకరోజు పనిచేసేచోట ఇద్దరు మనుషులు సగం నీళ్లున్న డ్రమ్మును అడ్డంగా మోసుకుపోతున్నారు. వాళ్లలో ఒకడి చేయి కొంచెం దిగింది. లోపలి నీళ్లన్నీ అటే పరుగెత్తాయి. వాడు ఎంత బలంగా పట్టుకుంటే అంత ఎక్కువగా అటే ఒరిగింది. ఇద్దరూ డ్రమ్ముతో సహా మెట్ల మీద పడ్డారు. పెద్ద దెబ్బలేం తగల్లేదు. నేను మాత్రం అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. పట్టుకున్నవాడే ముంచుతాడని నాలుగేళ్లకు అర్థమైంది.

ఆ ఆదివారమే వెళ్లాను. మామ వాకిట్లో ఎవరిదో బిందె అతుకుతున్నాడు. "నువ్వు చేసింది కరెక్టే మామా" అన్నాను. తలెత్తలేదు. "ఒక ఏలికి నాలుగు సంవత్సరాలు పట్టెనా నీ బుర్రకు? చెయ్యి ఇరగ్గొట్టుంటే ఈ జన్మకు వచ్చుండవు" అన్నాడు. తర్వాత కడ్డీ నా చేతికిచ్చి, "పట్టుకో, వేడిగా ఉండాది" అన్నాడు. చెయ్యి కాలాకే ఆ మాట అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయనా నేనూ బాగానే ఉన్నాం. నెలకొకసారి వెళ్లేవాణ్ని. అత్త ఎండుచేపల పులుసు చేసేది. నాకు పెళ్లయ్యాక, ఆయన నా భార్య ముందు నన్ను తిట్టేవాడు, ఆమెకు అది పండగ.

పోయిన ఏడు ఆయన కడుపు ఉబ్బడం మొదలైంది. తిరుపతి ఆసుపత్రిలో చూపించాం. కాలేయం పాడైందన్నారు. లోపల నీళ్లు ఊరుతున్నాయన్నారు. సూది గుచ్చి, గొట్టం పెట్టి, సీసాల్లోకి తీశారు. నా కారులోనే తీసుకుపోయేవాణ్ని, వెనక అత్త ఒళ్లో ఆయన తల. మొదట నెలకొకసారి, తర్వాత పదిహేను రోజులకు, తర్వాత వారానికి, చివరికి నాలుగు రోజులకే. సీసా నిండుతుంటే ఆయన దానివైపే చూసేవాడు. "డాక్టరయ్యా, తోడేది పని కాదు. యాడ కారతాందో కనుక్కునేది పని" అన్నాడొకసారి. ఆ డాక్టరు చిన్నవాడు, ఓపికున్నవాడు. "కారడం కాదు తాతా, ఊరుతుంది. అది అతికేది కాదు" అన్నాడు. మామ అతకలేనిది ఒకటుందని అంత సూటిగా చెప్పినవాళ్లు అంతకుముందు లేరు.

తీసిన ప్రతిసారీ ఆయన ఇంకా కుంగిపోయేవాడు. రెండు రోజులు వణుకు, పలవరింత, ఒళ్లు తెలియకపోవడం. తేరుకునేలోపు మళ్లీ కడుపు నిండేది. ఇంకోసారి తీస్తే దారిలోనే ఏమైనా కావచ్చు, ఇంట్లో ఉంచుకుంటే నొప్పి తెలియకుండా మాత్రలు ఇస్తాను, నిర్ణయం మీదే, అన్నాడు డాక్టరు. అత్త, అత్త తమ్ముడు, నేను, ముగ్గురం ఉన్నాం. మామే మాట్లాడాడు. "ఇంక నన్ను ఆ బండెక్కించొద్దు. నా ఇంట్లో పోతా." తర్వాత నన్ను చూపించాడు. "నాకు సోయి లేనప్పుడు వీడు చెప్పిందే మాట." అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాట ఆమె ఎన్నడూ దాటింది లేదు.

ఆమె బయటికి పోయాక నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేలు ఉన్న చెయ్యే. "మీ అత్త వల్ల కాదు. వాడి వల్ల అసలే కాదు. నువ్వు నిలబడాల."

"నేనెందుకు మామా?"

"నేను అప్పుడు అడుగుతా. తీసకపోండ్రా అని ఏడుస్తా. ఎంత మొగోడైనా ఏడుస్తాడు. నేను అడిగినా తీసకపోవద్దు. ఆ పొద్దు మాట్లాడేది నేను కాదు, భయం. భయం సంగతి నీకు తెలుసు."

సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది. అంత తేలిగ్గా సరే అన్న మాట నా బతుకులో ఇంకొకటి లేదు.

పన్నెండు రోజులు గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లేసరికి ఆయన మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కడుపు బిగిసి మెరుస్తోంది. ఊపిరి సగంలోనే ఆగి తిరిగివస్తోంది. నన్ను చూడగానే రెండు చేతులూ చాచాడు. "వచ్చినావా అల్లుడా. బండి తెచ్చినావా. తీసకపోరా. నీళ్లు తీయించురా" అన్నాడు.

మాత్ర వేశాను. కింద పడేంత నీరసంలోనూ నా చొక్కా వదల్లేదు. "నీ కాళ్లు పట్టుకుంటారా" అన్నాడు. సముద్రంలో నేను ఆయన్ను అన్న మాటే అది. ఆయనకు గుర్తుండి అన్నాడా, ప్రాణం మీదికొస్తే ఎవరి నోటి నుంచైనా అదే మాట వస్తుందా, నాకు తెలియదు.

అత్త అప్పటికే సంచీ సర్దింది. అత్త తమ్ముడు గుమ్మంలో నిలబడి, "తాళం ఇయ్యి. నేను తోలతా" అన్నాడు. తాళం నా జేబులో ఉంది. ఇవ్వలేదు. వాడు లోపలికి వచ్చి నా గల్లా పట్టుకుని మంచం పక్క గోడకు ఒత్తాడు.

"ఆయనే చెప్పినాడు గదత్తా, అడిగినా వద్దని" అన్నాను.

అత్త నా ముందుకు వచ్చి నిలబడింది. "ఆ పొద్దు చెప్పింది నీకు వినపడింది. ఇప్పుడు చెప్తాండేది వినపళ్లేదా?" అంది.

సముద్రంలో మామకు తెలుసు, నన్ను పక్కన పట్టుకోనిస్తే ఇద్దరం పోతామని. లెక్క ఆయన కళ్లముందే ఉంది, మూత అంచు నీళ్లలోకి దిగుతూ కనబడుతోంది. నాకు అలాంటిదేమీ కనబడలేదు. ముసలాయన ఏడుస్తున్నాడు, నా జేబులో తాళం ఉంది. నిజంగా భయమే మాట్లాడిందా, లేక చివరి ఘడియలో మనిషి మనసు మార్చుకున్నాడా? మార్చుకునే హక్కు ఆయనకు లేదా? ఎముక విరిచినవాడి ధైర్యం నాకు ఉందని ఆయన అనుకున్నాడు. నాకున్నది ధైర్యం కాదు. ఇచ్చిన మాట పట్టుకుని వేలాడాను, అంతే.

మామ ఇంకో రెండుసార్లు బండి అన్నాడు. తర్వాత మాత్ర పనిచేసి కళ్లు మూతపడ్డాయి. నా చొక్కా వదిలాడు. అత్త తమ్ముడు ఇంకా నన్ను గోడకు ఒత్తిపెట్టే ఉన్నాడు. అత్తే వాడి చెయ్యి తీయించింది.

"ఒగ్గెయ్ రా. ఆయన వీని చేతిలో పెట్టినాడు. ఆయన మాట నేను యానాడూ దాటలేదు, ఈ పొద్దూ దాటను" అంది. తర్వాత నావైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. "పో నాయనా. ఇంక నా కండ్ల ముందర నిలబడొద్దు."

వచ్చేశాను. మూడో రోజు ఉదయం ఫోను వచ్చింది. ఆ మధ్యలో ఆయన మళ్లీ అడిగాడో లేదో, నన్ను తిట్టాడో లేదో, ఎవరినీ అడగలేకపోయాను. చెప్పగలిగినది ఆమె ఒక్కతే.

పదకొండో రోజు కర్మాంతరానికి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. మేనల్లుడిని, వెళ్లకపోతే ఊరు ఏమంటుందో అనే భయం కూడా కొంత ఉంది, అబద్ధం చెప్పను. కొత్తగా వేసిన పందిరి కింద పంక్తి వేశారు. చివరి వరసలో కూర్చున్నాను. ఎవరో ఆకు వేశారు, నీళ్లు చల్లుకున్నాను. ఆ ఇంట్లో మొదటి పంక్తికి అన్నం ఇల్లాలే వడ్డించడం వాడుక. అత్త గంప చంకన పెట్టుకుని వచ్చింది. మనిషి సగమైపోయింది. ఒక్కొక్కరి ముందూ వంగి, "కడుపునిండా తినండప్పా, ఆయన పేరు చెప్పుకోని తినండి" అంటూ పెడుతోంది. నా ఎడమపక్కన కూర్చున్నాయనకు పెట్టింది. చాలమ్మా అంటున్నా ఇంకో ముద్ద వేసింది. నడుం నిలుపుకుంది, ఒక అడుగు ముందుకు వేసింది, నా కుడిపక్కన కూర్చున్నాయన ముందు వంగింది.

ఆమె వెనకే పప్పు, కూర, రసం తెచ్చేవాళ్లు వచ్చారు. అన్నంలేని ఆకులో ఏం వేయాలో తెలియక వాళ్లు ఆమె వైపు చూశారు. ఆమె తిరగలేదు. వాళ్లూ నన్ను దాటిపోయారు. నాకు కోపం రాలేదు. సిగ్గు కూడా రాలేదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో, చెప్పుకోవడానికి బాగుండదు కానీ, బాగా ఆకలేసింది. పంక్తిలో అందరూ లేచేదాకా ఒకరు లేవకూడదు. అందుకని కూర్చునే ఉన్నాను. అటూ ఇటూ జుర్రుకుంటున్నారు, మజ్జిగ అడుగుతున్నారు, మామ నోటి దురుసు తలచుకుని నవ్వుకుంటున్నారు. ఒకరొకరుగా ఆకులు మడిచారు. అందరితోపాటు నేనూ మడిచాను. నేను చల్లుకున్న నీళ్లు అందులోంచి నా కాళ్ల మీదికి కారాయి.